గాజుగొట్టంలో కదలని నీళ్ళు

లాండ్రీలో అందరూ ఆయన్ని బాయిలరు బాబాయ్ అనేవాళ్ళు. ఆయన భార్యని పిన్ని అనేవాళ్ళు. ఇద్దరికీ అక్కడే పని. నాలుగు ఆసుపత్రుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు రోజూ లారీలో వచ్చి గుట్టలుగా పడేవి. వాటిని ఉతికే మిషన్లకీ, ఆరబెట్టే డ్రమ్ములకీ, ఇస్త్రీ చేసే రోలరుకీ కావలసిన ఆవిరంతా వెనక గదిలోని బాయిలరు నుంచే రావాలి. ఆ గది బాబాయ్‌ది. గోడకి ఇవతల రోలరు దగ్గర నిలబడి తడి దుప్పటి అంచు పట్టి లోపలికి అందించడం పిన్ని పని. ఇద్దరికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క ఇటుక మందం గోడ.

బాబాయ్ వయసు యాభై ఒకటి. ఏడో తరగతితోనే చదువుకి దణ్ణం పెట్టేశాడు. బాయిలరు పని కూడా ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అంతకుముందు ఆ పని చేసిన ముసలాయన, "ఇది తిప్పు, అది ముట్టుకోకు, ఈ ముల్లు ఎర్రగీత దాటితే నన్ను పిలు" అని మూడు ముక్కలు చెప్పి, ఆర్నెల్లకే మంచం పట్టాడు. ఇక పిలవడానికి ఎవరూ లేక బాబాయే పెద్దదిక్కయ్యాడు. అలా పందొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. ఆ రొద ఆయనకి జోలపాటే. స్టూలు మీద కూర్చుని, వెచ్చటి గోడకి చేరగిలబడి, మధ్యాహ్నం పూట చిన్న కునుకు కూడా తీసేవాడు.

ఒకరోజు మేనేజరు ఒక కాగితం పట్టుకుని ఆ గదిలోకి వచ్చాడు.

"కొత్త రూలు వచ్చిందయ్యా. ఏడాది తిరిగేలోపల సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకపోతే బాయిలరు వెలిగించకూడదట. కమ్యూనిటీ కాలేజీలో నేర్పుతున్నారు, శని, ఆదివారాలు పొద్దున పూట. నువ్వు వెళ్తావా, ఇంకెవరినైనా చూసుకోమంటావా?"

బాబాయ్‌ "వెళ్తాను సార్" అన్నాడు గానీ, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆయనకే అనుమానం.

భయం అక్కడ మొదలైంది. అప్పటికి అది పరీక్ష భయమే. మొదటి శనివారం కాలేజీ గేటు దాకా వెళ్ళి, ఎదురుగా బస్టాపులో అరగంట కూర్చున్నాడు. లోపల కుర్చీకీ రాసుకునే పలకకీ మధ్య ఆయన మోకాళ్ళు పట్టలేదు. పక్కన కూర్చున్న వాళ్ళంతా తన పిల్లల ఈడు వాళ్ళు. గది మధ్యలో ఒక పాత బాయిలరుని నిలువునా కోసి, లోపలి గొట్టాలకి ఎరుపు, నీలం రంగులు వేసి పెట్టారు. పందొమ్మిదేళ్ళు కాపురం చేసినవాడికి భార్య మనసు మొదటిసారి కనిపించినట్టు, బాబాయ్ దాన్ని నోరు తెరుచుకుని చూశాడు.

పాఠం చెప్పే మేడమ్ పొట్టి మనిషి, గొంతు మాత్రం గోడలు దాటేది. ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగి బాయిలర్లు తనిఖీ చేసి రిటైరైంది. ఎవరు ఏ జవాబు చెప్పినా ఆమెది ఒకటే ప్రశ్న.

"ఎలా తెలుసు?"

"ఆవిరి ఒత్తిడి ఏడు ఉంది మేడమ్."

"ఎలా తెలుసు?"

"మీటరు చూపిస్తోంది."

"మీటరు నిజం చెబుతోందని ఎలా తెలుసు?"

ఇంటికొచ్చి బాబాయ్ ఇదంతా పిన్నికి చెప్పి, "ఆవిడ మొగుడు ఎలా బతుకుతున్నాడో పాపం" అన్నాడు. పిన్ని పదో తరగతి దాకా చదివింది. పొద్దున లాండ్రీకి వెళ్ళే బస్సులో పుస్తకం తెరిచి ఒక్కో ప్రశ్నా అడిగేది. ఆయన తప్పు చెబితే, "ఎలా తెలుసు?" అని ఆవిడ కూడా మొదలుపెట్టేది. బస్సులో నలుగురూ నవ్వేవాళ్ళు.

మూడో వారం నుంచి భయం రంగు మారింది.

ఆ రోజు మేడమ్ గోడ మీద ఒక ఫోటో వేసింది. పైకప్పు లేని ఇటుకల భవనం, రెండు గోడలే మిగిలాయి. "దీంట్లో బాయిలరు ఎక్కడుందో చూపించండి" అంది. అందరూ వెతికారు. ఎవరికీ దొరకలేదు. "ఫోటోలో లేదు. రోడ్డుకి అవతల పడింది" అంది మేడమ్. ఒక లీటరు నీళ్ళు ఉన్నపళంగా ఆవిరైతే వాటికి పదహారు వందల లీటర్లంత చోటు కావాలని, ఆ చోటు దొరక్కపోతే గోడల్ని నెట్టుకుని తెచ్చుకుంటాయని చెప్పింది.

బాబాయ్ ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. తన గదిలో ఎన్ని లీటర్లు ఉంటాయో ఆయనకి తెలుసు. ఇన్నాళ్ళూ ఆ సంఖ్య మనసులో అలా ఊరికే పడి ఉండేది.

తర్వాత ప్రతి పాఠమూ ఒక కొత్త దెబ్బే. నీళ్ళు మరీ తగ్గితే మంటని దానంతటదే ఆర్పే మీట ఒకటి ఉంటుందని, అది మనిషి ప్రాణాలకి కాపలా అని చెప్పిన రోజు ఆయన తల పైకెత్తలేదు. లాండ్రీలో ఆ మీట మాటిమాటికీ మంట ఆర్పేస్తోందని, ఆరేళ్ళ కింద మేనేజరు ఒక ఎలక్ట్రీషియన్ని పిలిపించాడు. అతను రెండు వైర్లు కలిపేసి ఆ మీటకి పని లేకుండా చేశాడు. ఆ రోజు టార్చి పట్టుకుని వెలుతురు చూపించింది బాబాయే. "హమ్మయ్య, పీడ విరగడైంది" అన్నది కూడా ఆయనే.

సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్ళి, చేతులు నలుపుకుంటూ ఆ సంగతి ఎత్తాడు.

"నాలుగు పాఠాలు వినగానే నువ్వు ఇంజనీరువి అయిపోయావా?" అన్నాడు మేనేజరు. "ఆరేళ్ళలో ఏమైనా అయిందా? ముందు సర్టిఫికెట్ తీసుకురా, అప్పుడు చూద్దాం."

బాబాయ్ నోరు మూసుకుని వచ్చేశాడు. కానీ ఆ రోజు నుంచి గోడకి చేరగిలబడటం మానేశాడు. కునుకు మాట అటుంచి, బాయిలరుకి వీపు పెట్టి నిలబడటం కూడా ఆయన వల్ల కాలేదు. ఇంట్లో కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడేవాడు. రెండుసార్లు అలా చేతిలో టీ ఒలకబోసుకున్నాక పిన్ని కుక్కరు పైన అటక మీద పడేసి, మామూలు గిన్నెలో వండటం మొదలుపెట్టింది.

"ఇదేం చదువండీ? చదువుకుంటే ధైర్యం రావాలి గానీ" అంది.

ఏడో ఆదివారం. ఆసుపత్రుల పని ఆగదు కాబట్టి లాండ్రీకి ఆదివారాలు లేవు. ఆ రోజు పిన్నికి డ్యూటీ ఉంది. బాబాయ్ క్లాసుకి వచ్చినప్పుడల్లా ఆయన బదులు బాయిలరుని డ్రమ్ముల దగ్గర పనిచేసే మనిషి ఒక కంట చూసుకునేవాడు.

మేడమ్ ఆ రోజు నీటిమట్టం చూపించే గాజుగొట్టం గురించి చెబుతోంది. బాయిలరు ముందు నిలువుగా బిగించి ఉండే చిన్న గొట్టం. లోపల నీళ్ళు ఎంత ఉన్నాయో అందులో కనిపిస్తుంది.

"నడుస్తున్న బాయిలరులో నీళ్ళు కుతకుతా ఉడుకుతుంటాయి. కాబట్టి గొట్టంలో నీళ్ళు సన్నగా ఆడుతూనే ఉండాలి. ఒకవేళ కదలకుండా నిలబడితే ఏమనుకోవాలి?"

మేడమే జవాబు చెప్పింది.

"కింది దారి ఉప్పుగార పట్టి మూసుకుపోయిందని. పైనుంచి వచ్చిన ఆవిరి చల్లబడి నీరై ఆ గొట్టంలోనే పోగవుతుంది. మీరేమో గొట్టం నిండుగా ఉందని మురిసిపోతారు. లోపల అడుగంటుతూ ఉంటుంది."

బాబాయ్ రాయడం ఆపి పెన్ను జేబులో పెట్టేశాడు.

మూడు రోజులుగా ఆయన బాయిలరులో నీళ్ళు అద్భుతంగా నిలుస్తున్నాయి. ముప్పావు వంతు, గీత గీసినట్టు, చెక్కుచెదరకుండా. పంపు వేయాల్సిన అవసరం కూడా తగ్గింది. మేనేజరు చూసి, "చదువు ఒంటబట్టింది" అని భుజం తట్టాడు. నిన్న సాయంత్రమే బాబాయ్ తన నోటితో డ్రమ్ముల మనిషికి చెప్పి వచ్చాడు: "గొట్టంలో నీళ్ళు ముప్పావు కనిపించినంతసేపు పంపు జోలికి వెళ్ళకు."

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. మంట పొద్దున ఆరింటికి వెలిగించి ఉంటారు. బాయిలరు గోడకి అవతల పిన్ని నిలబడి ఉంటుంది.

లేచి ఎలా బయటికి వచ్చాడో తెలియదు. వరండాలో నిలబడి పిన్నికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. రోలరు రొదలో ఆమెకి వినపడదు. డ్రమ్ముల మనిషికి చేశాడు. అదీ అంతే. మూడోది మేనేజరుకి. అతను ఇంట్లో ఉన్నాడు.

"సార్, బాయిలరులో నీళ్ళు లేవేమో సార్! గొట్టం అబద్ధం చెబుతోంది!"

"నీళ్ళు లేకపోతే ఏముందయ్యా, పోస్తే సరి. కారులో పావుగంటలో అక్కడుంటాను. వెళ్ళగానే పంపు వేయిస్తాను, కంగారుపడకు" అని ఫోన్ పెట్టేశాడు.

బాబాయ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో మూడో వారమే విన్నాడు. చెప్పకుండా ఉన్నా బాగుండేది. చెప్పి, తన చేతులారా తనే ప్రమాదాన్ని పిలిచి కూర్చోబెట్టాడు. మళ్ళీ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ. ఎత్తలేదు.

వెనకనుంచి మేడమ్ గొంతు వినపడింది. "ఏమైంది?"

రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె "ఎలా తెలుసు?" అనలేదు. ఆయన మొహం ఒక్కసారి చూసి, "పరిగెత్తండి. మంట ఆర్పండి. నీళ్ళు పోయనివ్వొద్దు. మనుషుల్ని రోడ్డు మీదికి తోలండి. నేను తనిఖీ ఆఫీసుకి చెప్తాను" అంది.

కాలేజీ నుంచి లాండ్రీకి మూడు బస్టాపులు. బస్సు కోసం ఆగే ఓపిక లేదు. యాభై ఒక్కేళ్ళ మనిషి, చొక్కా జేబులో పెన్ను ఎగిరెగిరి పడుతుంటే, రోడ్డు మీద పరిగెత్తాడు. రొప్పు వచ్చి ఒక దుకాణం షట్టరు పట్టుకుని నిలబడ్డాడు. దూరంగా ఏ లారీ తలుపు పడిన చప్పుడు వినపడినా తల అటు తిప్పి చూసేవాడు. చెవులు రిక్కించుకుని, ఆ ఒక్క చప్పుడూ రాకూడదని వేడుకుంటూ, మళ్ళీ పరుగు.

లాండ్రీ నిలబడే ఉంది. గేటు దగ్గర మేనేజరు కారు అడ్డదిడ్డంగా ఆపి ఉంది, ఇంజను ఇంకా వేడిగానే.

బాబాయ్ వెనక గదిలోకి దూరేసరికి ముక్కుకి రంగు మాడిన వాసన కొట్టింది. గాజుగొట్టంలో నీళ్ళు ముప్పావు వంతు, రాయిలా నిలబడి ఉన్నాయి. మంట బుసకొడుతోంది. డ్రమ్ముల మనిషి పక్కన నిలబడి ఉన్నాడు. మేనేజరు చెయ్యి పంపు స్విచ్చు మీద ఉంది.

"వద్దు!"

ఆ అరుపు తనదేనని బాబాయ్‌కి తర్వాత ఎవరో చెబితే గానీ తెలియలేదు. పందొమ్మిదేళ్ళలో మేనేజరు ముందు గొంతు పెంచని మనిషి, అతని మణికట్టు పట్టుకుని వెనక్కి లాగేశాడు. రెండో చేత్తో మంట స్విచ్చు కొట్టాడు. బుస ఆగింది. బాయిలరు లోపల ఎక్కడో ఇనుము టిక్కు టిక్కుమంటోంది.

"పిచ్చెక్కిందా? నీళ్ళు కనిపిస్తున్నాయి కదయ్యా గొట్టంలో!"

"కనిపిస్తున్నాయి సార్. అందుకే భయం."

"లేవంటావా, నీళ్ళు పోద్దాం. చల్లారుతుంది!"

"చల్లారదు సార్, పేలుతుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను, బయటికి నడవండి."

డ్రమ్ముల మనిషి ఆ మాట వింటూనే ఒక్క అంగలో బయట పడ్డాడు. మేనేజరు తిడుతూనే కదిలాడు. బాబాయ్ రోలరు హాల్లోకి వచ్చి చేతులూపుతూ అరిచాడు. రొదలో ఎవరికీ అర్థం కాలేదు. బట్టలు మడతపెట్టే ఆడవాళ్ళకి పెద్ద అయిన మడతలక్క, "ఏంటి బాబాయ్, క్లాసు అప్పుడే అయిపోయిందా?" అని నవ్వింది. ఆయన మాట్లాడలేక మెయిన్ స్విచ్చు కట్టేశాడు. అన్నీ ఆగిపోయాయి. అప్పుడు అందరూ ఆయన మొహం చూశారు. పనులు వదిలేసి బయటికి నడిచారు.

పిన్ని మాత్రం రోలరులో సగం ఇరుక్కున్న దుప్పటి లాగుతోంది. "ఇది మాడిపోతుందండీ, ఒక్క నిమిషం."

"మాడనీ!" అని ఆయన ఆవిడ జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అలా ఈడ్చడం అదే మొదలు.

రోడ్డుకి అవతల ఫుట్‌పాత్ మీద నలభై మంది నిలబడ్డారు. గంట గడిచింది. ఏమీ కాలేదు. రెండు గంటలు. ఏమీ కాలేదు. ఎండ ముదిరింది. ఆసుపత్రుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అందరి చూపులూ మెల్లగా బాయిలరు గది మీదనుంచి బాబాయ్ మీదికి మళ్ళాయి. ఆయనకి ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఒకవేళ తన అంచనా తప్పైతే? లోపల నీళ్ళు నిజంగానే ముప్పావు ఉంటే? పేలితే అందరూ పోతారు, పేలకపోతే తను పోతాడు. ఏది కోరుకోవాలో కూడా తెలియక కాలుకాలిన పిల్లిలా ఆ ఫుట్‌పాత్ మీద అటూ ఇటూ తిరిగాడు.

మర్నాడు బాయిలరు పూర్తిగా చల్లారాక తనిఖీ ఆఫీసరు వచ్చాడు. మేడమ్ కూడా వచ్చింది. గొట్టం కింది దారి విప్పితే రాయిలా గట్టిపడిన గార ఊడి పడింది. బాయిలరు మూత తీస్తే పైవరస గొట్టాలు నల్లబడి, కొన్ని వంగిపోయి ఉన్నాయి. నీళ్ళు వాటికి జానెడు కిందెక్కడో ఉన్నాయి.

"ఇంకెంతసేపు పట్టేది మేడమ్?" అని మేనేజరు అడిగాడు. అతని గొంతు పీలగా ఉంది.

"నాకెలా తెలుసు?" అంది మేడమ్.

అప్పుడు ఆఫీసరు కలిపేసిన వైర్లు చూశాడు. ఎవరు చేశారని అడిగాడు. ఎలక్ట్రీషియన్ తనంతట తనే చేసిపోయాడని మేనేజరు అన్నాడు. అందరూ బాబాయ్ వైపు చూశారు. జైల్లో పెడతారేమోనని ఆయనకి అనిపించింది.

"సార్ చెయ్యమన్నారు. నేను టార్చి పట్టుకున్నాను" అన్నాడు.

జైలు లేదు గానీ, విచారణ నాలుగు నెలలు సాగింది. ఆ రోజు నుంచే లాండ్రీకి తాళం. నలభై ఇళ్ళకి పని లేదు. మడతలక్క ఒకసారి బజారులో ఎదురుపడి, "ఒక్కసారిగా పోకుండా కాపాడావు బాబాయ్. ఇప్పుడు రోజుకింత చస్తున్నాం" అనేసి, తర్వాత తనే ఏడ్చింది. మేనేజరు ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. లాండ్రీ తెరిచినా తనకి అక్కడ చోటు లేదని బాబాయ్‌కి అర్థమైంది.

విచారణలో హెచ్చరిక కాగితం చేతిలో పెట్టి వదిలేశాక పరీక్షకి కూర్చోనిచ్చారు. మొదటిసారి రాతపరీక్ష తప్పాడు. ప్రశ్నలు తెలిసినవే, కానీ ఒక్కో జవాబు రాసి, "ఎలా తెలుసు?" అని తననే అడుగుతూ కూర్చుంటే సగంలోనే గంట కొట్టేశారు. రెండోసారి గట్టెక్కాడు. తర్వాత ముగ్గురు ఆఫీసర్ల ఎదురుగా నోటి పరీక్ష. పిన్ని బయట బెంచీ మీద కూర్చుంది.

"గొట్టంలో నీళ్ళు కనిపించకపోతే ఏం చేస్తారు?" అని అడిగారు.

బాబాయ్‌కి మాడిన రంగు వాసన వచ్చినట్టయింది. బల్ల అంచు పట్టుకుని, "మంట ఆర్పుతాను సార్. నీళ్ళు ముట్టుకోను. తర్వాత... మా ఆవిడ్ని బయటికి లాక్కొస్తాను" అన్నాడు.

వాళ్ళలో ఒకాయన నవ్వబోయి మానుకున్నాడు.

రెండో తరగతి సర్టిఫికెట్, ఫోటో అంటించిన కార్డు వచ్చాయి. పిన్ని కార్డు చూసి, "ఎవరినో పొడిచి పారిపోతున్నవాడిలా ఉన్నారు" అంది. ఒక ఆసుపత్రి బాయిలరు గదిలో ఉద్యోగం దొరికింది. అక్కడ షిఫ్టుకి ఇద్దరుంటారు, వైర్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. అయినా రోజూ ఆ గది తలుపు తీసేటప్పుడు ఆయనకి పాత భయం వచ్చేది. అది పోతుందని కొన్నాళ్ళు ఎదురుచూసి, మానేశాడు. ఆ మధ్యలోనే దానికి పైమెట్టైన మొదటి తరగతి కోర్సుకి పేరిచ్చి వచ్చాడు.

ఏడాది దాటాక లాండ్రీ కొత్త బాయిలరుతో మళ్ళీ తెరిచారు. పిన్నిని పిలిచారు. రోలరు పని ఆవిడ కంటే బాగా వచ్చినవాళ్ళు లేరు. బాబాయ్ వద్దన్నాడు. ఆవిడ ఊరుకోలేదు.

"మీరు రోజూ వెళ్ళట్లేదా?"

"నేను చూసుకుంటాను. అక్కడ ఎవరున్నారో ఏమో!"

"అయితే వచ్చి చూసుకోండి."

మొదటిరోజు ఆవిడ వెంట తనూ వెళ్ళాడు. వెనక గది తలుపు దగ్గర ఒక పాతికేళ్ళ అమ్మాయి, చేతులకి తోలు తొడుగులు, అడ్డంగా నిలబడింది.

"లోపలికి రాకూడదండీ."

"ఒక్కసారి చూసి పోతానమ్మా. మా ఆవిడ ఈ గోడకి అవతలే పనిచేస్తుంది."

"ఎవరైనా సరేనండీ. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే రావాలి. మా మేడమ్ గట్టిగా చెప్పింది."

ఏ మేడమో అడగాల్సిన పని లేకపోయింది. బాబాయ్ జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. ఆ అమ్మాయి ఫోటో చూసింది, ఆయన్ని చూసింది, తారీఖు చూసింది, వెనక్కి తిప్పి ముద్ర చూసింది. ఆ తర్వాత పక్కకి తప్పుకుంది.

లోపల కొత్త బాయిలరు సన్నగా రొద చేస్తోంది. బాబాయ్ అరచేతులు చొక్కాకి తుడుచుకుని, గుమ్మం లోపలికి కాలు పెట్టాడు.